హాలిబట్‌కి ట్రోలింగా, డ్రిఫ్టా?

శాన్ ఫ్రాన్సిస్కో బేలో కాలిఫోర్నియా హాలిబట్ చేప కోసం వెళ్తే ఎరను పడవ వెనక లాక్కుంటూ పోవాలా (ట్రోలింగ్), ఇంజిన్ ఆపేసి నీటివాలున సాగాలా (డ్రిఫ్ట్)?

ఈ చేప ఇసుకలో ఒళ్లు దాచుకుని, ఒకే పక్కనున్న రెండు కళ్లతో పైకి చూస్తూ కాచుకుంటుంది. కాబట్టి ఎర అడుగుకి దగ్గరగా ఉండాలి. ట్రోలింగ్‌లో సీసం గుండు నేలకి తగిలినప్పుడల్లా రాడ్ కొన టక్కుమని వణుకుతుంది. ఆ వణుకు ఆగిందంటే ఎర పైకి లేచినట్టే, ఇంకాస్త లైన్ వదలాలి. చేపలు ఎక్కడున్నాయో తెలియనప్పుడు ఎక్కువ మేర వెతకడానికి ఇదే మేలు.

డ్రిఫ్ట్‌కి ఎరగా బతికున్న యాంకోవీలు (చిన్న చేపలు) బాగా పనిచేస్తాయి. ఆటుపోట్ల మధ్య నీళ్లు నిలిచిపోతే మాత్రం పడవ కదలదు. అయినా చేప ఎర అందుకున్న క్షణం నేరుగా చేతికే తెలుస్తుంది, ఆ సంబరమే వేరు. తొందరపడి లాగకండి.

నేనైతే ట్రోలింగ్‌తో మొదలుపెట్టి, ఒకటి పడ్డాక అదే చోట డ్రిఫ్ట్ చేస్తాను. ఎలా పట్టినా 22 అంగుళాల లోపుంటే తిరిగి వదిలేయాల్సిందే.