మా మియాటా ఒరుగుతుంది, ఒరగనివ్వండి

మలుపులో ఈ కారు ఒరుగుతుంది. కొన్న కొత్తలో దీని మీద నాకున్న కోపమంతా అదే. ఆరేళ్ళు, డెబ్బై ఒక్క వేల మైళ్ళు తిరిగాక ఇవాళ దీన్ని అమ్మబుద్ధి కాకపోవడానికి కారణమూ అదే. మధ్యలో డబ్బు పోసి ఆ ఒరుగుడు తీయించాను. ఓ పొద్దున్న ప్రాణం మీదకొచ్చినంత పనైంది. మళ్ళీ డబ్బు పోసి పాత ఒరుగుడు వెనక్కి తెచ్చుకున్నాను. రాయాలనుకున్నది ఆ సంగతే. డిక్కీ ఎంత, టాప్ ఎలా తీస్తారు లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

నాది 2016 మోడల్ మజ్దా మియాటా, టాప్ తీసే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. అందులో క్లబ్ అనే రకం, మాన్యువల్ గేర్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. (ఫోన్లో మా నాన్నగారికి చెబితే "మజ్దా అంటే స్కూలు పిల్లల బస్సు కదరా" అన్నారు. మన ఊళ్ళలో ఆ పేరు స్వరాజ్ మజ్దా మీదే కదా చూసింది.) బరువు 1,060 కిలోల దరిదాపు, ఇంజను రెండు లీటర్లు, 155 హార్స్‌పవర్. క్లబ్‌కి బిల్‌స్టీన్ షాకులు (షాక్ అబ్సార్బర్లు), వెనక రెండు చక్రాలకీ బలం అందేలా చూసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కంపెనీ నుంచే వస్తాయి. మేముండేది కాలిఫోర్నియాలో, బే ఏరియాలో. ఇంటి నుంచి పది నిమిషాల్లో సారటోగా. అక్కణ్ణించి హైవే 9 కొండెక్కుతుంది, పైన స్కైలైన్ బులవార్డ్ వస్తుంది, దాని మీద కొంతదూరం పోయి హైవే 84లో దిగితే లా హోండా. నా మటుకు అది మా ఇంటి వెనకున్న ఘాట్ రోడ్డు. నెలకి రెండు మూడు సార్లు, పనిరోజుల్లో తెల్లవారుతుండగా, సైకిళ్ళవాళ్ళు రాకముందే వెళ్ళొస్తాను. నా అభిప్రాయాలన్నీ ఆ రోడ్డు మీద ఏర్పడినవే.

మొదట నాకు కావలసింది పవర్ అనుకున్నాను. 2019 మోడల్‌కి ఇదే ఇంజనుని 181 హార్స్‌పవర్‌కి పెంచారు. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు తేలిక చేసి, రెడ్‌లైన్‌ని, అంటే ఇంజను తిరగగల గరిష్ఠ వేగాన్ని, నిమిషానికి 6,800 చుట్ల నుంచి 7,500కి తీసుకెళ్ళారు. మా బావమరిది సరిగ్గా ఆ మోడలే కొన్నాడు. కొన్న రోజు నుంచీ ఒకటే మాట: "బావా, నీ బండికి పికప్ లేదు." ఓ ఆదివారం ఇద్దరం కార్లు మార్చుకుని నడిపాం. ఉన్నమాట చెప్పాలి, అయిదు వేలు దాటాక అతని ఇంజను తీరే వేరు. నాది ఇక చాలు అనే చోట అతనిది అప్పుడే గొంతు విప్పుతుంది. ఆ రాత్రి నా కారు ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుందో ఆన్‌లైన్లో వెతుక్కున్నాను.

రెండోసారి నడిపినప్పుడు ఇంకోటి గమనించాను. టార్క్, అంటే ఇంజను తిప్పే బలం, పెరిగింది 148 పౌండ్-ఫీట్ నుంచి 151కి, అంతే. రోజూ మనం ఉండే మూడు వేల దగ్గర రెండు కార్లకీ తేడా పట్టుకోవడం కష్టం. ఆ కొత్త పవర్ పైనెక్కడో ఉంది, అక్కడికి చేరాలంటే రోడ్డు కలిసిరావాలి. రెండో గేర్లో రెడ్‌లైన్ దాకా లాగితే అరవై మైళ్ళ దగ్గరికి వచ్చేస్తాం. హైవే 9 మలుపుల పక్కన పసుపు బోర్డులేమో పాతిక, ముప్ఫై అంటుంటాయి. జపాన్‌లో గుడ్డ టాప్ మియాటాని రోడ్‌స్టర్ అన్న పేరుతో 1.5 లీటర్ల ఇంజనుతోనే అమ్ముతూ వచ్చారు, మొదట్లో సుమారు 130 హార్స్‌పవర్. 1989లో వచ్చిన మొట్టమొదటి మియాటాకైతే 116. ఈ అంకెలు మొదటిసారి చూసి అయ్యో పాపం అనుకున్నాను. ఇప్పుడు ఆ 1.5 ఎలా ఉంటుందో ఒక్కసారైనా నడిపి చూడాలని ఉంది.

పవర్ అక్కర్లేదని మాత్రం అనను. ఫ్రీవే ర్యాంపు మీద మీటర్ లైటు పచ్చ పడినప్పుడల్లా ఒక్కో కారునే వదులుతుంది. నిలబడ్డ చోటి నుంచి బయల్దేరి, 280 ఫ్రీవే మీద డెబ్బైలో పోతున్నవాళ్ళ మధ్యలో దూరాలి. ఆ కొద్ది సెకన్లూ మా బావమరిది కారే మేలు.

ఇంజను మార్చే స్తోమత లేదు, ఒరుగుడైనా తీయిద్దాం అనుకున్నాను. మూడేళ్ళ క్రితం, కారుని అంగుళం పైచిలుకు కిందికి దించే గట్టి స్ప్రింగులు కొని, ఒక షాపులో వేయించాను. స్ప్రింగుల పేరు, షాపు పేరు చెప్పను. వాళ్ళు రెండు గంటల్లో పని ముగించి ఇచ్చేశారు. చూడ్డానికి మాత్రం కారు అద్భుతంగా ఉంది. చక్రానికీ ఫెండర్‌కీ మధ్య నాలుగు వేళ్ళు దూరే సందు కాస్తా రెండు వేళ్ళకి వచ్చింది. స్టీరింగ్ తిప్పీ తిప్పగానే ముందు భాగం టక్కున తిరిగేది, ఒరగడం అనేదే లేదు. నెల రోజులపాటు కనిపించినవాళ్ళందరికీ చెప్పాను, చేయించుకుంటే ఇదే చేయించుకోండి అని.

అక్టోబరులో ఓ పొద్దున్న. పైనంతా పొగమంచు, రెడ్‌వుడ్ చెట్ల నుంచి చుక్కలు రాలి రోడ్డు మచ్చలు మచ్చలుగా తడిగా ఉంది. స్కైలైన్ నుంచి 84లో లా హోండా వైపు దిగుతున్నాను. అక్కడో కుడి మలుపుంది. మలుపు నట్టనడుమ ఎప్పుడో తవ్వి పూడ్చిన తారు అతుకు, రెండంగుళాలు కుంగి ఉంటుంది. పాత స్ప్రింగులతో దాని మీదుగా కొన్ని పదులసార్లు పోయాను. కారు ఒకసారి మునిగి లేచేది, అంతే. ఆ రోజు నా స్పీడు ముప్ఫై అయిదు లోపే. అతుకు మీదకి చక్రం పోగానే వెనక నుంచి ఠక్కుమని సీట్లోంచి నడుముకి దెబ్బ తగిలింది. ఆ మరుక్షణం కారు వెనక భాగం ఎడమకి, పసుపు గీత మీదకి జరిగిపోయింది. చేతులు వాటంతటవే స్టీరింగ్ అటు తిప్పాయి, డాష్‌బోర్డు మీద, కారు జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ లైటు మినుకుమంది, కారు దారిలోకొచ్చింది. నాలుగైదు సెకన్ల తర్వాత ఎదురుగా ఓ పికప్ ట్రక్కు వచ్చి వెళ్ళింది. పక్కన బండి ఆపుకునే జాగా చూసి ఆపాను. క్లచ్ మీదున్న కాలు వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

ఏం జరిగిందో అర్థమైంది ఆ వారం చివర్లో, ఓ చిన్న గ్యారేజీలో. ఆఫీసులో ఒకాయన చెబితే వెళ్ళాను. అరవై దాటిన మెకానిక్ ఒక్కడే చేసుకుంటాడు. కారుని లిఫ్ట్ మీదకెక్కించి, వెనక షాకు మీది రబ్బరు తొడుగు పైకి జరిపి టార్చి వేశాడు. లోపల బంప్ స్టాప్ అంచులు పగిలి ఉన్నాయి. అది పదేపదే వచ్చి తగిలే చోట షాకు మూత, తోమిన స్టీలు గ్లాసులా మెరుస్తోంది. సస్పెన్షన్ కిందికి రావడానికి ఉన్న చోటంతా అయిపోయాక ఇనుముకి ఇనుము కొట్టుకోకుండా ఆపే ముక్కే ఈ బంప్ స్టాప్. కారుని అంగుళం దించితే ఆ చోట్లో అంగుళం పోయినట్టే. మలుపులో బయటి చక్రం ఎలాగూ సగం నొక్కుకుని ఉంటుంది. దానికి అతుకు తోడైతే బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. ఆ క్షణాన వెనక చక్రానికి స్ప్రింగు లేనట్టే లెక్క. బరువంతా ఒక్కసారి టైరు మీద పడి పట్టు తప్పుతుంది. నా కారు చేసింది అదే.

రెండోది ఇంకా బాధపెట్టింది. సస్పెన్షన్ చేతుల చివర్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు, కారు బరువు చక్రాల మీద ఉండగా బిగించాలి. లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, దింపాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది. అడగని చోట అదొక స్ప్రింగులా అడ్డం పడుతుంది, కొన్నాళ్ళకి చిరుగుతుంది. నా కారుకి ఆ షాపు చేసింది రెండో పద్ధతే. ఆయన కారుని అలైన్‌మెంట్ ర్యాంపు మీదకి నడిపించి ఒక్కో బోల్టూ వదులు చేస్తుంటే నేను వెనక ఫెండర్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. మూడో బోల్టుకి కిర్రుమంది. నా అరచేతి కింద కారు కదలడం తెలిసింది.

పాత స్ప్రింగులు మా గ్యారేజీలో బియ్యం బస్తాల పక్కన భద్రంగానే ఉన్నాయి. మర్నాడు తీసుకెళ్ళి ఇచ్చాను. కొత్త బంప్ స్టాపులు వేసి, బోల్టులు పద్ధతిగా బిగించి, నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి అలైన్‌మెంట్ మొదలెట్టాడు. వెయ్యి కిలోల కారులో డెబ్బై అయిదు కిలోల మనిషి ఒక పక్కన కూర్చుంటే కొలతలు మారతాయట. చూస్తుండగానే తెర మీద అంకెలు కదిలాయి. అంతకుముందు నా ముందు చక్రాల క్యాంబర్‌కి, అంటే చక్రం పక్కకి వాలిన కోణానికి, ఎడమకీ కుడికీ మధ్య అర డిగ్రీ తేడా ఉంది. ఇప్పుడు ముందు రెండు వైపులా మైనస్ 1.4 డిగ్రీలు, టో (చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా. వెనక మైనస్ 1.6, టో కొద్దిగా లోపలికి. పనికి మూడున్నర గంటలు పట్టింది. అయిన ఖర్చు ఆ స్ప్రింగుల ఖరీదులో సగం కూడా లేదు.

ఆ తర్వాత హైవే 9 ఎక్కినప్పుడు, ఒరగడాన్ని మొదటిసారి శ్రద్ధగా గమనించాను. స్టీరింగ్ తిప్పుతాం, ముందు బయటి చక్రం మీద బరువు పడటం మొదలవుతుంది, బాడీ మెల్లిగా వాలుతుంది, తుంటి సీటు అంచుకి ఆనుతుంది, ఓ చోట వాలడం ఆగుతుంది. ఆగిన దగ్గర్నుంచి కారు ఆ కోణంలోనే స్థిరంగా మలుపంతా తిరుగుతుంది. ఇంకా వేగంగా పోతే ఇంకాస్త వాలుతుంది. అంటే టైరు ఎంత పనిలో ఉందో, ఎంత మిగిలిందో ముందే తెలిసిపోతుంది. గట్టి స్ప్రింగులతో ఆ కబురు నాకు అందలేదు. పట్టు ఉన్నంతసేపూ ఉంది, పోయినప్పుడు చెప్పకుండా పోయింది.

ఒరుగుడు తగ్గిస్తే బరువు బయటి చక్రాల మీదకి పోవడం ఆగుతుందని నేనూ నమ్మేవాణ్ణి. అది నిజం కాదు. మలుపులో పక్కకి మారే బరువు ప్రధానంగా మూడింటి మీద ఆధారపడుతుంది: కారు గురుత్వ కేంద్రం ఎంత ఎత్తులో ఉంది, చక్రాల మధ్య వెడల్పెంత, ఎంత గట్టిగా తిరుగుతున్నాం. స్ప్రింగు గట్టిదైనా మెత్తదైనా ఆ మొత్తం దాదాపు అంతే. మారేదల్లా ఆ బరువు ఎంత త్వరగా పోతుంది, ముందుకీ వెనక్కీ ఎలా పంచుకుంటుంది అన్నవే. పైగా తేలిక కారులో చక్రాలూ బ్రేకులూ బాడీ బరువుతో పోలిస్తే అంత తేలికేం కాదు. స్ప్రింగు గట్టిదైతే ప్రతి అతుకూ కారునే ఎగరేస్తుంది.

ఇన్ని చెప్పాక కొన్ని దిద్దుకోవాలి. మొదటి ఏడాది దీని స్టీరింగ్‌ని తెగ పొగిడాను. తర్వాత ఒక స్నేహితుడి 1990ల నాటి మియాటా నడిపాను, పవర్ స్టీరింగ్ లేనిది. రోడ్డు గరుకుతనం వేళ్ళకి తెలుస్తుంది. దాని పక్కన నా ఎలక్ట్రిక్ స్టీరింగ్ చక్కగా తిరుగుతుంది గానీ కబుర్లు తక్కువ చెబుతుంది. బహుశా అందుకే ఒరుగుడు నాకింత ముఖ్యమైంది. ఇక ఎడమ, కుడి, ఎడమ అని వెంటవెంటనే వచ్చే మలుపుల్లో బాడీ ఇటు నుంచి అటు ఊగడానికి తీసుకునే సమయం ఇప్పటికీ నాకు ఎక్కువే అనిపిస్తుంది. 2022 నుంచి వచ్చిన కార్లలో మలుపులో లోపలి వెనక చక్రానికి అతి కొద్దిగా బ్రేకు వేసి, వెనక భాగం పైకి లేవకుండా పట్టి ఉంచే ఏర్పాటు చేశారు. అలాంటిది ఒకటి నడిపాను. ఒరుగుడు పోలేదు, కాస్త నెమ్మదించింది. నాకది నచ్చింది. మా ఆవిడకి ఏ ఒరుగుడూ పడదు. హైవే 9 మీద రెండు మైళ్ళు పోయేసరికి కిటికీ దించేస్తుంది, తను పక్కనుంటే నేనూ మామూలుగానే నడుపుతాను.

నా రోడ్డు ఇది, నా వేగం ఇంతే కాబట్టి నాకు 155 చాలింది. రోజూ ఫ్రీవే మీద నలభై మైళ్ళు పోయేవాళ్ళకీ, ట్రాకు మీద లాప్ టైమ్ చూసుకునేవాళ్ళకీ నా మాట పనికిరాకపోవచ్చు. వాళ్ళు 2019 తర్వాతి కారు చూసుకోవడమే మంచిదేమో. నునుపైన ట్రాకు మీద గట్టి స్ప్రింగులకీ వాటి అర్థం ఉంటుంది, వాటికి తగ్గ షాకులు కూడా వేసుకుంటే. ఇప్పుడున్న కారుతో తృప్తి లేనివాళ్ళు మాత్రం, దేని మీదైనా డబ్బు పెట్టేముందు, మీరు సీట్లో కూర్చుని ఒకసారి అలైన్‌మెంట్ చేయించుకోండి.

మాకు మార్చిలో బిడ్డ పుట్టబోతోంది. రెండు సీట్ల కారు ఎన్నాళ్ళుంచుతామో ఇంట్లో ఇంకా తేలలేదు. మా బావమరిది టెక్సాస్ వెళ్ళిపోతూ తన 2019 కారు నన్నే తీసుకోమంటున్నాడు. అతని కారుకి కొన్న నాటి నుంచీ అలైన్‌మెంట్ చూపించలేదట. శనివారం అదే గ్యారేజీకి తీసుకెళ్తున్నాం. ఆ తర్వాత ఒక పొద్దున్న 84 మీద, ఆ అతుకు మీదుగా రెండూ నడిపి చూడాలి.