హెచ్‌ఎంవీ 102 గ్రామఫోను: ఏళ్ల తరబడి వాడాక

పాత 78 రికార్డులు (నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డులు) వినాలనుకునేవారికి నేను చెప్పేది ఒకటే: ఇత్తడి బాకా ఉన్న గ్రామఫోను జోలికి పోకండి. సంతల్లో కుక్క బొమ్మ బిళ్లతో ధగధగలాడేవి చాలావరకు ఏదో పాత మోటారుకు కొత్త పెట్టె, కొత్త బాకా తగిలించినవే. అలంకారానికైతే సరే. వినడానికి 1931లో వచ్చిన ఈ 102 మోడల్ నయం. మూత వేస్తే చేతిపెట్టె, తీస్తే గ్రామఫోను. కరెంటు అక్కరలేదు, కీ ఇస్తే చాలు.

రంగస్థల పద్యాలకు దీనికి సాటి లేదు. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు వంటివారు మైకులు లేని రోజుల్లో చివరి వరుసదాకా వినబడేలా పాడినవారు. ఆ గొంతు, వెనక హార్మోనియం ఇందులో నిండుగా పలుకుతాయి. తబలా డగ్గా మాత్రం దాదాపు మాయం. 1950ల సినిమా పాటల్లో వయొలిన్లు గుంపుగా మోగితే రేకు గీకినట్టుంటుంది. వాటిని 78 వేగమున్న ఎలక్ట్రిక్ ప్లేయర్ మీదే వింటాను. ఈ గ్రామఫోనుకు శబ్దం తగ్గించే మీట ఉండదు. రికార్డు గాడిలో నడిచే ముల్లు సన్నది పెడితే కాస్త తగ్గుతుంది, అంతే. కాబట్టి పక్కింటివారికి కూడా పద్యాలు నచ్చాలి!

అసలు ఖర్చు ముళ్లది. పది అంగుళాల రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు పాడుతుంది. ఆపైన ముల్లు మార్చాల్సిందే. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. రికార్డు లక్కలో కలిపిన రాతిపొడి ఉక్కు ముల్లును గాడికి తగ్గట్టు అరగదీస్తుంది. అరిగిన ఆ అంచు తర్వాతి రికార్డును చెక్కేస్తుంది.

నా పెట్టెలో మొదట్లో పైస్థాయి స్వరాల దగ్గర గరగర వచ్చేది. ముల్లు కదలికను శబ్దంగా మార్చే సౌండ్‌బాక్సులో అదిరే పల్చని రేకు చుట్టూ ఉండే రబ్బరు గట్టిపడిందట. అది మార్పించాక సగం ఇబ్బంది తీరింది. మిగతా సగం రికార్డుల అరుగుదలే, దానికి మందు లేదు. కొనేటప్పుడు మోటారు వేగం నిలకడగా ఉందో లేదో చూడండి. శ్రుతి ఊగితే పద్యం వినలేం.

రికార్డులను స్పిరిటుతో తుడవకూడదు, లక్క కరిగిపోతుంది. ఎల్పీలు (తర్వాత వచ్చిన సన్న గాళ్ల ప్లాస్టిక్ రికార్డులు) దీని మీద అసలే పెట్టకూడదు. బరువైన సౌండ్‌బాక్సు, ఉక్కు ముల్లు కలిసి ఒక్కసారికే గాడిని పాడుచేస్తాయి. ఎవరైనా ఎల్పీ తెచ్చి ‘ఒక్కసారి పెట్టండి’ అని బతిమాలితే నేను కాఫీ ఇచ్చి పంపిస్తాను.