డచ్ క్లాస్ రివ్యూ: హెన్ దగ్గర ఆగిపోయా, దీ దగ్గర ఆగలేదు

నెదర్లాండ్స్ వచ్చాక చేరిన ఈవెనింగ్ ఆన్‌లైన్ డచ్ క్లాస్ ఇది, కింద ఒక కంప్లైంట్ ఉంది కాబట్టి పేరు చెప్పట్లేదు. మామూలు గ్రామర్ బానే చెప్తారు. నేను రాసేది ఒక్క పాఠం గురించే, ఆడా మగా అని చెప్పని సర్వనామాలు, హెన్, దీ.

మేడమ్ ముందు రూల్ చెప్పకుండా స్క్రీన్ మీద "రాబిన్ ఇస్ మూ. హెన్ స్లాప్ట్ అల్" అని పెట్టి చదవమన్నారు. రాబిన్ అలసిపోయారు, అప్పుడే పడుకున్నారు, అంతే. నేను హెన్ దగ్గర టక్కున ఆగా, కళ్ళు మొదటి వాక్యంలోకి పోయి ఇంకెవరైనా ఉన్నారా అని వెతికాయి, ఎందుకంటే అప్పటిదాకా హెన్ అంటే "వాళ్ళని" అనే నేర్చుకున్నాం, అది కర్త చోటుకొచ్చి ఏకవచన క్రియ పట్టుకుంది. అక్కడే దీ పెడితే గడగడా చదివేశా. దీ అంటే "ఆ మనిషి" లాంటిది, ఎప్పట్నుంచో మాటల్లో మనుషులకి వాడేదే కదా.

వాక్యంలో ఇలా పొసగకపోతే పదం కనిపించిన సుమారు 600 మిల్లీసెకన్లకి మెదడులో పీ600 అనే తరంగం వస్తుందని, తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి కొలుస్తారని మేడమ్ చెప్పారు. ఆగడం అంటే అర్థంకాకపోవడం కాదన్నారు, నాకది చాలా నచ్చింది. నేనైతే మన "తను" గుర్తొచ్చి చెప్పా, తను ఎవరో దాస్తుంది కానీ వచ్చాడు, వచ్చింది అని క్రియ బయటపెట్టేస్తుంది, డచ్‌లో క్రియ ఏమీ చెప్పదు, భారమంతా సర్వనామం మీదే.

దీకి ఇంకో చిక్కుంది. "రాబిన్ బెల్ట్ సారా. దీ ఇస్ జీక్", అంటే రాబిన్ సారాకి ఫోన్ చేస్తున్నారు, దీకి ఒంట్లో బాలేదు అని. ఇక్కడ ఒంట్లో బాలేనిది సారాకే అనిపిస్తుంది, దీ ఎక్కువగా చివర చెప్పిన మనిషి వైపే పోతుంది. అక్కడ హెన్ పెడితే ఆ లాగుడు ఉండదు. ఇలాంటి సర్వనామం ఏది వాడాలని 2016లో ట్రాన్స్‌జెండర్ నెట్‌వర్క్ అనే డచ్ సంస్థ పెట్టిన ఓటింగ్‌లో గెలిచింది హెన్, హున్ ("వాళ్ళ" అనే అర్థంలో వచ్చేది) జతే.

ఇంత బాగా చెప్పి హోంవర్క్ దగ్గర చెడగొట్టారు. క్విజ్‌లో "హెన్ స్లాప్ట్" రాస్తే ఎర్ర గీత, కర్తగా హెన్ తప్పట! పాఠంలో నేర్పిందే పరీక్షలో తప్పంటే, తనని హెన్ అనమని అడిగిన మనిషి గురించి రాయడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? మెయిల్ పెట్టి మూడు వారాలైంది, ఇంకా మార్చలేదు. మేడమ్‌కి ఐదు స్టార్లు, క్విజ్‌కి రెండు. చేరితే ఈ పాఠం మాత్రం లైవ్‌లోనే వినండి, రికార్డింగ్‌లో అయితే పైకి చదివే భాగం కట్ చేసేశారు.