నాగావళి గట్టు: నడకకూ సైకిలుకూ ఎలా ఉంటుంది?

శ్రీకాకుళానికి బదిలీ మీద వచ్చినవాళ్లు ఇల్లు కుదిరిన వెంటనే అడిగేది, పొద్దున్నే నడవడానికి ఎక్కడికి వెళ్లాలని. చాలామంది కోడి రామమూర్తి స్టేడియం పేరు చెబుతారు. కొందరు అరసవల్లి రోడ్డు అంటారు. నేను మాత్రం ఏటి గట్టుకు వెళ్లమంటాను. కొన్నేళ్లుగా వారంలో ఎక్కువ రోజులు అక్కడ నడుస్తున్నాను, మిగతా రోజుల్లో సైకిలు తొక్కుతున్నాను. ఎండా, వానా, చలీ అన్నిట్లోనూ ఆ దారిని చూశాను. నడకకైతే ఊళ్లో దానికి సాటి వచ్చే చోటు నాకు కనపడలేదు. సైకిలుకు మాత్రం అది ముక్కలుగా బాగుంటుంది. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు వెళ్లేచోటే అసలు కష్టమంతా.

నేను చెబుతున్నది పార్కులో టైల్స్ పరిచిన బాట గురించి కాదు. పాత వంతెన దగ్గర ఏటివైపు దిగి, గుడివీధిలోని ఉమారుద్ర కోటేశ్వరస్వామి గుడి మీదుగా వీలైనంత వరకు ఒడ్డు పట్టుకుని పోయే దారి గురించి. కొంత మేర సిమెంటు, కొంత మేర మట్టి, కొన్నిచోట్ల ఇళ్ల వెనక సందు. నది కనిపిస్తూ ఉంటుంది, మధ్యలో కాసేపు కనుమరుగవుతుంది, మళ్లీ కనిపిస్తుంది. చెప్పుల్లో నడవొచ్చు గానీ బూట్లయితే మేలు.

నడక గురించి ముందు చెప్పాల్సింది వేళ. మన జిల్లా రాష్ట్రానికి తూర్పు కొసన ఉంది. హైదరాబాద్ కంటే ఇక్కడ సుమారు 20 నిమిషాలు ముందే తెల్లారుతుంది. జూన్ మొదట్లో 5.20 కల్లా సూర్యుడు పైకి వచ్చేస్తాడు. హైదరాబాద్‌లో అలవాటైన ప్రకారం ఆరింటికి లేచి, ఆరున్నరకు గట్టు ఎక్కితే మే నెలలో పది నిమిషాలకే చొక్కా తడిసిపోతుంది. సముద్రం దగ్గర కావడంతో గాల్లో తేమ ఎక్కువ, చెమట ఓ పట్టాన ఆరదు. అందుకే వేసవిలో ఐదింటికే బయల్దేరాలి. జనవరిలో అంత తొందర అక్కర్లేదు. ఆరున్నర దాకా సూర్యుడు రాడు. ఏటి మీద మంచు తెరలు తెరలుగా కదులుతుంటే అవతలి ఒడ్డు ఉన్నట్టే తెలియదు. సంవత్సరం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన నడక కార్తీకం నుంచి సంక్రాంతి వరకు. వానలు వెనకపడతాయి, నీళ్లు తేరుకుంటాయి, గట్టు మీద మట్టి గట్టిపడుతుంది, దుమ్ము ఇంకా లేచి ఉండదు.

ఆ మట్టి విలువ మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు బాగా తెలుస్తుంది. సిమెంటు రోడ్డు మీద కాసేపటికే ఆగి కూర్చునే మా నాన్నగారు ఈ మట్టిబాట మీద ఆపకుండా ఇంకొంత దూరం వెళ్లొస్తారు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. పార్కులో ఆ అరగంట గడవడం కష్టం, ఎన్ని రౌండ్లు అయ్యాయా అని చూసుకుంటూ ఉంటాం. గట్టు మీద పావుగంట ముందుకు వెళ్లి వెనక్కి తిరిగితే సరిపోయింది. చూడటానికీ ఏదో ఒకటి ఉంటుంది. లోతు తక్కువ నీళ్లలో కొంగలు, రాయి మీద రెక్కలు విప్పి ఆరబెట్టుకునే నీటికాకి, ఇసుకలోంచి లేచి అరుచుకుంటూ పోయే తీతువు. లకుముకి పిట్ట దాదాపు రోజూ కనిపిస్తుంది.

కార్తీక సోమవారాలు, శివరాత్రి మాత్రం లెక్క వేరు. బలరాముడు ప్రతిష్ఠించాడని చెప్పుకునే కోటేశ్వరుడి గుడికి ఆ రోజుల్లో జనం పోటెత్తుతారు. ఏట్లో స్నానాలు, అరటి దొప్పల్లో దీపాలు. అప్పుడు నడకకని కాకుండా దర్శనానికే వెళ్లాలి. సైకిలు అసలు తీయొద్దు. మామూలు రోజుల్లో కూడా గుడి ముందు దిగి నడిపించుకు వెళ్లడం మర్యాద. మొదట్లో అక్కడ పూలమ్మే మామ్మ ఒకావిడ నన్ను ఆపి, "ఓ బావూ, గుడికాడ సైకిల్ దిగాల కదేటి" అంది. ఆవిడ అన్నది నిజమే. తడిబట్టలతో మెట్లెక్కి వచ్చే ముసలివాళ్లు బెల్లు విన్నా పక్కకు తప్పుకోలేరు.

ఇక సైకిలు. సన్నటి టైర్లున్న రేసింగ్ రకం సైకిలు ఇక్కడ పనికిరాదు. నాది గేర్ల హైబ్రిడ్ సైకిలు, టైరు వెడల్పు 38 మిల్లీమీటర్లు. రోడ్డు మీదికైతే 60 పీఎస్ఐ గాలి కొట్టిస్తాను, గట్టు మీదికైతే 45 చాలు. గాలి కాస్త తగ్గితే మట్టి మీద పట్టు దొరుకుతుంది, గుంతల దెబ్బ చేతులకు అంతగా తెలియదు. పాలవాళ్లు తొక్కే పాతకాలపు నల్ల సైకిళ్లు కూడా ఈ బాట మీద బాగానే నడుస్తాయి. వాటి చక్రం పెద్దది, బరువు ఎక్కువ. గేర్లు లేకపోవడం ఒక్క గట్టు ఎక్కేచోటే తెలుస్తుంది.

పంక్చర్లు ఎక్కువ. దానికి ప్రధాన కారణం పల్లేరు కాయలు. వానలు వెళ్లాక గట్టు పక్కన పసుపు పూలతో నేల మీద పాకే పల్లేరు చూడటానికి అమాయకంగా ఉంటుంది. కాయ ఎండితే ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. రెండోది తుమ్మ ముల్లు. కంచెకనీ మేకలకనీ కొట్టిన కొమ్మలు బాట మీద పడి ఉంటాయి. మూడోది వినాయక నిమజ్జనం. విగ్రహాలు ఏట్లో కలిపాక ఒడ్డున మిగిలే చెక్కలు, మేకులు, ఇనుప తీగలు పది పదిహేను రోజులైనా అక్కడే ఉంటాయి. ట్యూబుల్లో పంక్చర్ జెల్ పోయించుకున్నాక నాకు బాధ చాలావరకు తగ్గింది. పల్లేరు ముల్లు పీకగానే ఆ రంధ్రాన్ని అదే మూసేస్తుంది. మేకుకు మాత్రం అది చాలదు. ఏటి ఇసుక చైన్‌లోకి చేరి పళ్లను అరగదీస్తుంది కాబట్టి వారానికోసారి పొడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే నూనె వెయ్యాలి. తుడవకుండా నూనె పోస్తే ఇసుకా నూనే కలిసి ఇంకా వేగంగా అరుగుతుంది. మడ్‌గార్డులు లేని సైకిలుతో వానాకాలంలో రావొద్దు.

ఇవన్నీ మన చేతిలో ఉన్నవి. మన చేతిలో లేనిది వంతెనల దగ్గర దాటడం. ఒడ్డు వెంట హాయిగా వస్తున్న దారి వంతెన రాగానే తెగిపోతుంది. దిగి, సైకిలును పైకి ఎక్కించి, ఆటోలూ బస్సులూ లారీల మధ్య రోడ్డు దాటి, అవతల మళ్లీ కిందికి దింపాలి. డే అండ్ నైట్ జంక్షన్ వైపు రద్దీ మొదలయ్యాక, అంటే ఎనిమిది దాటాక, అది నిజంగా టెన్షనే. పదేళ్ల పిల్లవాణ్ణి పక్కన పెట్టుకుని నేను ఆ పని చెయ్యలేను. మా మేనల్లుడు వచ్చినప్పుడు ఒక ముక్కలోనే అటూ ఇటూ తిప్పి ఇంటికి తీసుకొచ్చేస్తాను.

దీనికి పెద్ద ఫ్లైఓవర్లేమీ అక్కర్లేదు. చక్రాల కుర్చీ కోసం కట్టే ర్యాంపుకు ఒక కొలత ఉంది, అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం 12 అడుగుల పొడవు. ఆ వాలుతో రెండు పక్కలా ర్యాంపులు వేసి, రోడ్డు మీద వాహనాల వేగం తగ్గే ఏర్పాటు చేస్తే సైకిళ్లూ, తోపుడుబళ్లూ, చంటిపిల్లల బళ్లూ, మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లూ అందరూ దాటతారు. ఇప్పుడున్న దారికి కొత్తగా ఒక్క కిలోమీటరు కలపకపోయినా, ఈ దాట్లు బాగుపడితే చాలు, గట్టు ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే దారవుతుంది. పిల్లలు బడికి, ఉద్యోగస్తులు ఆఫీసుకు దీని మీదే వెళ్లగలుగుతారు. నాకు ఈ విషయంలో ఉన్న ఆశ చిన్నది కాదు.

వానాకాలం గురించి కొత్తవాళ్లకు తప్పకుండా చెప్పాలి. ఇక్కడ చుక్క వాన లేకపోయినా ఏరు వస్తుంది. నాగావళి పుట్టేది ఒడిశాలో కలహండి కొండల్లో. అక్కడి నుంచి రాయగడ మీదుగా దిగి, దారిలో జంఝావతిని, సంగం దగ్గర సువర్ణముఖి, వేగావతులను కలుపుకుని, మొత్తం 256 కిలోమీటర్లు నడిచి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో పడుతుంది. పై కొండల్లో గట్టి వాన పడితే తోటపల్లి బ్యారేజీ గేట్లు ఎత్తుతారు. ఆ నీళ్లు నారాయణపురం ఆనకట్ట దాటి మన దగ్గరికి వచ్చేసరికి ఆకాశం నీలంగా మెరుస్తూ ఉండొచ్చు. అందుకే జులై నుంచి అక్టోబరు దాకా నేను బయల్దేరే ముందు వాన ఉందా లేదా అని కాకుండా, తోటపల్లి గేట్లు ఎత్తారా అని చూస్తాను. నీళ్లు ఎర్రగా మారి చెత్తా కొమ్మలూ కొట్టుకొస్తుంటే ఏరు ఇంకా పెరుగుతుందని అర్థం. ఆ రోజు కింది బాట మానేసి ఎత్తైన దారి పట్టాలి. సెల్ఫీల కోసం మెట్లు దిగే కుర్రాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య వరకు తుఫాన్ల మీద ఇంకో కన్ను వేసి ఉంచాలి. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న, 2021లో గులాబ్ సెప్టెంబరు 26న ఉత్తరాంధ్ర తీరాన్ని తాకాయి. తుఫాను వెళ్లాక వారం దాకా గట్టు మీదికి సైకిలు తేవడం మంచిది కాదు. విరిగిన కొమ్మలు, వేలాడే కరెంటు తీగలు, పైకి బాగానే ఉండి అడుగున కోసుకుపోయిన మట్టి, ఇవన్నీ ఉంటాయి.

ఎండాకాలంలో ఏరు పాయలుగా చీలి ఇసుక మేట తేలుతుంది. అప్పుడే ఈ దారికున్న అసలు మచ్చ బయటపడుతుంది. ఊళ్లోంచి వచ్చే మురుగు కాలువలు ఏట్లో కలిసేచోట్ల నీళ్లు నల్లగా నిలిచిపోతాయి. కోళ్ల వ్యర్థాలు మూటగట్టి గట్టు మీంచి విసిరేస్తారు. రెండు మూడు చోట్ల ముక్కు మూసుకుని గబగబా నడవాల్సిందే. వాసన కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి. ఊరికి తాగునీళ్లిచ్చే ఊటబావులు ఈ ఇసుకలోనే ఉన్నాయి. ఆ ఇసుక మందంగా ఉంటేనే నీరు వడగట్టుకుని బావిలోకి దిగుతుంది. పైనుంచి మురుగు వదిలి, పక్కనుంచి ఇసుక తవ్వుకుపోతే చివరికి నష్టపోయేది మన బిందెలే. గట్టు మీద రోజూ నడిచేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, కళ్లతో చూస్తారు. ఎక్కువమంది నడవాలని నేను కోరుకోవడానికి అదీ ఒక కారణం.

ఆడవాళ్లు ఒంటరిగా రావచ్చా అని చాలామంది అడుగుతారు. తెల్లారాక ఎనిమిది లోపు పరవాలేదు, నడిచేవాళ్లూ, బట్టలు ఉతికేవాళ్లూ, గుడికి వచ్చేవాళ్లూ ఉంటారు. సాయంత్రం చీకటి పడ్డాక నేనైతే మా ఇంట్లోవాళ్లను వెళ్లనివ్వను. దీపాలు అన్నిచోట్లా లేవు, కుక్కలు గుంపులుగా ఉంటాయి, కొన్ని మూలల్లో మందు సీసాలు కనిపిస్తాయి. విజయనగరంలో ఉండే మా అప్ప అయ్యకోనేరు గట్టు మీద రాత్రి ఏడున్నరకు కూడా నిశ్చింతగా నడుస్తుంది. కోనేటి చుట్టూ తిరిగే దారి కావడంతో అవే మొహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి, ఒకరి మీద ఒకరికి కన్ను ఉంటుంది. మన దారి తిన్నగా పోయేది. ఎదురైన మనిషి దాటిపోతే మళ్లీ కనపడడు. కాబట్టి ఇక్కడ దీపాల అవసరం అక్కడికంటే రెట్టింపు.

గట్టు అలవాటయ్యాక చాలామందికి కళ్లేపల్లి దాకా, అంటే ఏరు సముద్రంలో కలిసేచోటు దాకా సైకిలు మీద వెళ్లాలనిపిస్తుంది. వెళ్లండి, మణినాగేశ్వరుడి దర్శనం కూడా అవుతుంది. అయితే దారంతా గట్టు మీదే ఉండదు, ఊరు దాటాక పల్లె రోడ్లే పట్టుకోవాలి. ఫిబ్రవరి నెల దీనికి బాగుంటుంది. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, వెళ్లేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి తిరగబడుతుంది, వచ్చేటప్పుడూ అదే సాయం. మధ్యలో, తొమ్మిది ప్రాంతంలో, గాలి కదలకుండా ఉడికిస్తుంది. ఆ సమయంలో తొక్కకుండా గుడి నీడన కూర్చుని, గాలి మారాక బయల్దేరాలి. నీళ్లు రెండు సీసాలు, ఒక పంపు, ఒక ట్యూబు ఉంటే చాలు. తిరిగొచ్చేది ఆదివారమైతే అరసవల్లి వైపు రాకుండా ఇంకో దారి చూసుకోండి. సూర్యనారాయణ స్వామికి ఆదివారం ప్రీతి, ఆ రోజు ఆ రోడ్డు మీద సైకిలుకు చోటుండదు. రథసప్తమి కూడా మాఘంలోనే, ఎక్కువగా ఫిబ్రవరి ప్రాంతంలోనే పడుతుంది కాబట్టి ముందే క్యాలెండర్ చూసుకుని రోజు పెట్టుకోండి.