హనుమకొండలో పత్రిక అచ్చు: అక్షరాలకు ఢోకా లేదు, రంగులకు మాత్రం పక్కన నిలబడాలె

కథలు, కవితలతోటి బొమ్మలకు కూడా సరిసమానంగా చోటిచ్చే పత్రిక ఒకటి మొదలుపెట్టినం. తొలి సంచిక హనుమకొండ చౌరస్తా దగ్గరి ఆఫ్‌సెట్ ప్రెస్సులో వేయించినం. పేరు రాయట్లేదు, మళ్లా వాళ్ల దగ్గరికే పోయేది ఉంది.

డీటీపీ చేసే తమ్ముడు బంగారం. మా రచయితలు కొందరు యూనికోడ్‌లో పంపుతరు, కొందరు ఇంకా అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత రకం) ఇడవలే. కన్వర్టర్‌లో వేస్తే వత్తులు ఎగిరిపోతయి, పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే 'స్త్ర' ముక్కలైతది. ఆయన కంపోజర్ సెట్టింగ్ మార్చి అన్నీ అతికించిండు. అంతటితో ఆగక ప్రింటు తీసి, మూలప్రతి పక్కన పెట్టుకొని లైను లైను చదివిండు. గింత ఓపిక ఎవరికుంటది?

తంటా అంతా బొమ్మల కాడ. చేర్యాల నకాషీ బొమ్మ (గుడ్డ మీద కథలు గీసే చిత్రకళ) ఒకటి రెండు పేజీల మీద పరిచినం. (చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లా, అయినా మా లెక్కల వరంగలే.) ఆ బొమ్మకు వెనకాలి ఎరుపే ప్రాణం. నున్నటి కాగితం మీద లేజర్ ప్రింటు తీసి చూపించిన్రు, భగ్గుమంటుంది. సంచిక చేతికొచ్చేసరికి ఇటుకపొడి రంగు. అడిగితే, "కాయితం సిరా తాగుతది సార్, మాప్‌లితో మీద గట్లనే అస్తది" అన్నడు మిషన్ నడిపే అన్న. నిజమే, మాప్‌లితో లాంటి పూతలేని కాగితం మీద సిరా చుక్కలు ఉబ్బి రంగు చచ్చిపోతది. ఆ మాటేదో అచ్చు ప్లేట్లు చేయకముందు చెప్పాలె గదా! పైగా మేమడిగింది పిన్ను పడే నడిమి పేజీలు, అక్కడైతే రెండు సగాలూ ఒకే షీటు. సర్దేటప్పుడు రెండు పేజీలు ముందుకు జరిపిన్రు. సగాలు వేరే వేరే షీట్ల మీద పడి, మడత కాడ బొమ్మలోని గుర్రం నడుము తెగిపోయింది.

బైండింగ్ గట్టిగుంది, చెప్పిన రోజుకే ఇచ్చిన్రు.

రెండో సంచికకు బొమ్మలన్నీ నడిమి ఎనిమిది పేజీల ఫారంలోకి తెచ్చి మ్యాట్ ఆర్ట్ పేపర్ (మెరుపు తక్కువున్న పూత కాగితం) మీద వేయమన్నం, మిగిలింది మాప్‌లితోనే. మిషన్ మీద తొలి షీటు చూసి నేను సంతకం పెట్టినాకే నడపాలె. కొంచెం మూతి ముడిచినా ఒప్పుకున్నరు.

కొత్తగా పత్రిక పెట్టేవాళ్లు ఇంకోటి అడిగి చూసుకోండి. పత్రికలు, ప్రెస్సుల రిజిస్ట్రేషన్‌కున్న 1867 నాటి చట్టం పోయి, 2024 మార్చి 1 నుంచి కొత్తది అమల్లో ఉంది. టైటిల్, రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే. ప్రెస్సువాళ్లు కూడా తమ వివరాలు అట్లనే తెలపాలె. వీళ్లు ఆ పని ముందే చేసి పెట్టుకున్నరు.