నల్లరేగడిలో ఇంకుడు గుంత: పన్నెండేళ్ల అనుభవం తర్వాత

సెప్టిక్ ట్యాంకు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధంతా ట్యాంకు నుంచి వచ్చే నీరు నేలలో ఇంకడానికి దాని పక్కన తవ్వించిన ఇంకుడు గుంత గురించే. మా వైపు మరాఠీలో దాన్ని శోష్‌ఖడ్డా అంటారు. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలోని మా ఊరిలో 2013లో ఇల్లు కట్టుకున్నప్పుడు ఈ రెండూ ఒకేసారి తయారయ్యాయి. రేగడి నేలలో ఇల్లు మొదలుపెట్టబోయే బంధువులు ఇప్పటికీ నన్నే అడుగుతున్నారు కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా స్థలం ఊరి నివాస హద్దులో, అంటే గావ్‌ఠాణాలోనిది కాబట్టి ఎన్.ఏ. (సాగుభూమిని వ్యవసాయేతరంగా మార్పించడం) చేయించుకునే శ్రమ లేకుండా పంచాయతీ అనుమతితోనే పని సాగింది. నక్షాలో ట్యాంకు పొడవు, వెడల్పు, లోతు చూపమన్నారు, చూపాము. గుంతను ఒక చిన్న వృత్తంగా గీస్తే సరిపోయింది. ఆ నేల నీటిని ఎంతసేపట్లో పీల్చుకుంటుందని ఎవరూ అడగలేదు, అది అడగవలసిన ప్రశ్న అని అప్పటికి నాకూ తెలియదు.

మొదటి మూడేళ్లూ ఆ గుంతను నేను అందరి దగ్గరా మెచ్చుకున్నాను. నా మాట మీద ఇద్దరు అవే కొలతలతో తవ్వించుకున్నారు కూడా. ఆ మెప్పును ఇప్పుడు సవరించుకోవలసి ఉంది. 2014, 2015 మరాఠ్వాడాకు కరువు సంవత్సరాలు, 2016 వేసవిలో లాతూరుకు తాగునీటిని రైలులో తెచ్చారు. అటువంటి ఎండలకు రేగడి నెర్రెలు విచ్చుతుంది. మా పెరట్లో కొన్ని నెర్రెలలో అరచేయి దూరేది. గుంతలోకి చేరిన నీరు ఆ నెర్రెల వెంట జారిపోయిందే తప్ప మట్టిలో ఇంకలేదు. ట్యాంకు నుంచి బయటికి వచ్చే నీరు శుభ్రమైన నీరు కాదు, దాన్ని వడగట్టే పని మట్టిదే. నెర్రెల గుండా పోయిన నీటిని మట్టి వడగట్టదు.

2016 సెప్టెంబరు చివర వానలు విడవకుండా కురిశాయి, నానిన రేగడి ఉబ్బి ఆ నెర్రెలు మూసుకుపోయాయి. బతుకమ్మ పండుగకు చెల్లెలి కుటుంబం వచ్చి ఇంట్లో తొమ్మిదిమందిమి ఉన్నాము. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాటి ఉదయం మరుగుదొడ్డిలో పోసిన నీరు దిగకుండా అంచుదాకా లేచింది. మేస్త్రీని పిలిపించి మూతబండ ఎత్తిస్తే ట్యాంకులో నీరు లోపలికి వచ్చే పైపును ముంచి నిలబడి ఉంది. గుంతదీ అదే స్థితి. మేస్త్రీ వెదురుకర్ర దించి తీసి చూపించాడు. దాని కొనకు అంటిన రేగడి సబ్బుముద్దలా నున్నగా, వేలితో నొక్కితే గుంట పడేలా ఉంది. “ట్యాంకుది తప్పేం లేదు సారూ, నీళ్లు పోయే తోవ లేదు” అన్నాడు. అతనితో వచ్చిన కూలీ మనిషి లోపలికి దిగి తోడుతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది, చట్టం లేకపోయినా ఆ విషవాయువుకు ఎవరినీ ఎదురుపంపకూడదు. పీల్చే బండి వచ్చేదాకా రెండు రోజులు పక్కింటివారి మరుగుదొడ్డి వాడుకున్నాము. బండి ఖాళీ చేసిన గుంత ఎనిమిదో రోజుకు మళ్లీ నిండింది. ఉబ్బిన రేగడి ఒత్తిడికి లోపలి సిమెంటు రింగులలో రెండు పగిలాయి. రింగుల చుట్టూ అడుగు మందాన ఇసుక గానీ కంకర గానీ నింపి ఉంటే ఆ ఒత్తిడి నేరుగా వాటి మీద పడేది కాదని తర్వాత తెలిసింది.

సెప్టిక్ ట్యాంకుల గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 రెండో భాగంలో నేల పరీక్ష స్పష్టంగా ఉంది. గొయ్యి తవ్వి, అడుగున కంకర పరచి, నీరు పోసి ముందుగా మట్టిని బాగా నానబెట్టాలి. మరునాడు నీటిమట్టం 25 మిల్లీమీటర్లు తగ్గడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలి. 30 నిమిషాలు దాటితే అది ఇంకుడు గుంతకు తగిన నేల కాదు. మా పెరట్లో నేను వానల తర్వాత చేసి చూస్తే రెండు గంటలకు కూడా అంత తగ్గలేదు. నానబెట్టడమే ఈ పరీక్షకు ప్రాణం. ఎండిన రేగడిలో బిందెడు నీళ్లు పోసి “భలే పీల్చింది” అనుకుంటే మోసపోతాము, నేను మోసపోయినది అక్కడే.

మరుసటి వేసవిలో గుంతను పూడ్పించి, ట్యాంకు తర్వాత కంకర నింపిన అప్‌ఫ్లో ఫిల్టరు కట్టించాను. అందులో నీరు కింది నుంచి పైకి ఎక్కి బయటికి వస్తుంది. ఆ నీరు అరటి, మెట్టతామర మొక్కల పాదులకు పోతుంది. తర్వాతి వానాకాలాలలో మరుగుదొడ్డి ఒక్కసారీ పొంగలేదు. అయితే దీన్నీ నేను పూర్తిగా మెచ్చుకోలేను. కంకరను అప్పుడప్పుడు కడగాలి, ఆలస్యమైతే వాసన వస్తుంది, ట్యాంకును కూడా రెండేళ్లకోసారి తప్పకుండా ఖాళీ చేయించాలి. మేము ఐదుగురమే, ఇంటి వెనక ఖాళీ జాగా ఉంది. ఇరుకు ప్లాటులో పదిమంది ఉండే ఇంటికి ఇది సరిపోతుందని చెప్పలేను. రేగడి పొర పలచగా ఉండి కిందే మొరం తగిలే స్థలంలో, భూగర్భజలం లోతుగా ఉంటే, గుంతే బాగా పనిచేయవచ్చు.

ఒక్క సంగతి మాత్రం ఇప్పటికీ మనసులో మెదులుతుంది. తాగునీటి బావికి, గుంతకు మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి. పూడ్చిన గుంత నుంచి పక్కింటివారి బావి దాకా టేపుతో కొలిస్తే 15 మీటర్లే వచ్చింది. మూడు వేసవులు నెర్రెల వెంట నీరు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు కనుక నేనే వెళ్లి వారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అప్పటి నుంచి ఆ బావి నీటిని పశువులకు, మొక్కలకు మాత్రమే వాడుతున్నారు, తాగే నీళ్లు మా ఇంటి ముందరి కుళాయి నుంచి పట్టుకుపోతున్నారు.