విజయనగరం వయొలిన్ చెవికి ఒక టాంగో: ‘బయీయా బ్లాంకా’ (1957)

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కమాను గురించి ఇప్పటికీ చెప్పుకునే ఊళ్ళో పాట లేని టాంగో (అర్జెంటీనా నృత్య సంగీతం) వినమంటే, ముందు వచ్చే ప్రశ్న ఒకటే: వయొలిన్ ఎలా ఉంది? కార్లోస్ దీ సార్లీ బృందం 1957లో వాయించిన ఈ రికార్డు ఆ ప్రశ్నకు నిలబడుతుంది. అర్జెంటీనాలో తను పుట్టిన ఊరి పేరే పెట్టాడు దీ సార్లీ. బాణీ ఆయనదే, పియానో ఆయనదే. నిడివి మూడు నిమిషాల లోపే.

మృదంగంలాంటిదేమీ లేదు. నాలుగక్షరాల నడకని పియానో ఎడమచెయ్యి, డబుల్ బాస్, బాండోనియాన్లు మోస్తాయి. బాండోనియాన్ జర్మనీలో పుట్టిన తిత్తుల పెట్టె. ఒకే మీట మీద తిత్తిని లాగితే ఒక స్వరం, నొక్కితే ఇంకొకటి. వేరే బృందాల్లో అది ముందుకొచ్చి ఒంటరిగా మెరుస్తుంది. ఇక్కడ ఆ దర్జా వయొలిన్లది. కాసేపు పొట్టి కమానుతో తుంచి తుంచి వాయించి, వెంటనే పొడుగు కమానుతో సాగదీస్తారు. ఆ సాగుడు తగ్గే సందులో పియానో రెండు మూడు స్వరాలు రాల్చి తప్పుకుంటుంది. రికార్డు మొత్తంలో అసలు రుచి ఆ సందులోనే.

గమకాలు వెతికితే మాత్రం నిరాశే. శృంగారమంతా నాదం ఉబ్బడంలో, తగ్గడంలో ఉంది.

ఫోన్ స్పీకర్లో వినకండి. ఎడమచేతి పియానో పోతే మిగిలేది తీపి మాత్రమే. అసలు రికార్డింగ్ మోనో. ‘స్టీరియో’ అని రాసున్న కాపీల్లో తరచూ ప్రతిధ్వని కలిపి కమాను అంచుని మొద్దు చేస్తారు. వేగం కూడా చూడాలి: కాపీ సుమారు ఆరు శాతం వేగంగా తిరిగితే శ్రుతి అరమెట్టు పైకి పోతుంది. రెండు కాపీలు శ్రుతిపెట్టె పక్కన పెట్టి వింటే తేడా దొరికిపోతుంది.

సంగీత కళాశాల పిల్లలు వాయించి చూడాలనుకుంటే, పదిమందీ కమాను ఒకే దిక్కుకి లాగాలి. ఒక్కరు అలవాటుకొద్దీ స్వరాన్ని ఊపినా వరస చెదురుతుంది. స-ప-స-ప తీగల్ని జీ-డీ-ఏ-ఈకి మార్చేటప్పుడు సన్నతీగని ఒకేసారి బిగించొద్దు, తెగుతుంది. కొంచెం కొంచెంగా తిప్పి, చివరి సర్దుబాటు ఫైన్ ట్యూనర్‌తో చేసుకోండి.